ఏ ప్లాన్ పట్టుకుని దిగాలి?

గోదావరిఖనిలో వెబ్ పని నేర్చుకుంటున్న పిల్లలు అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. "అన్నా, సీఎస్‌ఎస్ ఎక్కడ జూసి నేర్చుకోవాలె?" జావాస్క్రిప్ట్ అయినా రియాక్ట్ అయినా మాట ఇదే, పేరు మాత్రం మారుతుంది. వాళ్లకు సైట్లు దొరకక కాదు, సైట్లు ఎక్కువై ఈ ప్రశ్న పుట్టింది. గూగుల్‌లో ఒక మాట కొడితే పది సైట్లు పది రకాలుగా చెబుతాయి. యూట్యూబ్‌లో తెలుగు పాఠాలు కుప్పలుగా ఉన్నాయి. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని వచ్చినవాళ్ల నోట్సు పీడీఎఫ్‌లై వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. ఇన్నిటి మధ్య దేన్ని నమ్మాలన్నదే అసలు ప్రశ్న.

దీన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. తొంభైల మొదట్లో లక్ష దాటిన సింగరేణి బొగ్గు గనుల కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల చుట్టుపక్కలకు దిగింది. తండ్రిది బాయి (గని) పని అయితే కొడుకుదీ బాయి పనే అన్న లెక్క యైటింక్లయిన్ కాలనీలో గానీ గౌతమినగర్‌లో గానీ ఇక సాగడం లేదు. సెంటినరీ కాలనీలో జేఎన్టీయూ మంథని ఇంజినీరింగ్ కాలేజీ 2010 నుంచి ఉంది. 2020లో కరీంనగర్‌లో ఐటీ టవర్ తెరిచారు. వెబ్ పేజీ కట్టే పనికి, అంటే ఫ్రంటెండ్‌కు, ఒక లాప్‌టాపూ నెట్టూ ఉంటే క్వార్టర్‌లో కూర్చునే నేర్చుకోవచ్చు. అలా మొదలుపెట్టిన పిల్లవాడి చేతికి తప్పు కాగితం వస్తే ఆర్నెల్లు వృథా. డ్యూటీ దిగి వచ్చిన తండ్రి "ఎందాక వచ్చింది బిడ్డా" అని అడిగే ఇంట్లో ఆర్నెల్లంటే మాటలు కాదు.

బాయి ఇళ్లలో పెరిగినవాళ్లకు ఈ సంగతి ఒక్క మాటతో అర్థమవుతుంది: మైన్ ప్లాన్. భూమి లోపల ఎక్కడ తవ్వారు, ఎక్కడ వదిలేశారు, ఎక్కడ నీళ్లు నిలిచాయి అన్నది చెప్పే కాగితం. దాని మీద సర్వేయర్ సంతకం ఉంటుంది, తేదీ ఉంటుంది. బొగ్గు తీసేకొద్దీ బాయి మారుతుంది గనుక ప్లాన్‌నూ మారుస్తూ పోవాలి. 2002 జూలైలో అమెరికాలోని పెన్సిల్వేనియాలో క్వీక్రీక్ అనే గనిలో, పక్కనే మూతపడిన పాత గని గోడ పగిలి నీళ్లు ముంచెత్తాయి. ఆ పాత గని అప్పటిదాకా ఎంతవరకు తవ్వి ఉందో చూపే చివరి ప్లాన్ వాళ్ల దగ్గర లేదు, అంతకు ముందుదే ఉంది. లోపల చిక్కుకున్న తొమ్మిది మందినీ మూడు రోజులకు పైగా శ్రమించి ప్రాణాలతో బయటికి తీశారు. బాయిలోకి నీళ్లు వస్తే ఏమవుతుందో గోదావరిఖనికి ఒకరు చెప్పనక్కర్లేదు. 2003 జూన్ 16న ఇక్కడి 7 ఎల్‌ఈపీ గనిలో నీళ్లు పొంగి 17 మంది పోయారు. వెబ్ పేజీ తప్పితే ఎవరి ప్రాణమూ పోదు, ఆ రెంటినీ ఒక గాటన కట్టే సాహసం నేను చేయను. నా పోలిక కాగితం వరకే. సంతకం లేని ప్లాన్‌ను, తేదీ లేని ప్లాన్‌ను బాయిలో ఎవరూ లెక్కలోకి తీసుకోరు. వెబ్ నేర్చుకునేటప్పుడు మాత్రం మనం ఆ రెండూ చూడకుండానే దిగిపోతున్నాం.

ఒక ఉదాహరణ చూడండి. సీఎస్‌ఎస్‌లో ఒక డబ్బా లోపల ఫలానా బొమ్మ ఉంటేనే ఆ డబ్బాకు రంగు వేయాలి. లోపలిదాన్ని బట్టి బయటిదాన్ని ఎంచుకోవడమన్నమాట. "అది సీఎస్‌ఎస్‌తో కుదరదు, జావాస్క్రిప్ట్ రాయాల్సిందే" అని ఏళ్ల తరబడి వేలమంది రాశారు. రాసిన రోజున అది అక్షరాలా నిజం. 2022లో సఫారీ, క్రోమ్ బ్రౌజర్లు 'హ్యాజ్' అనే సెలెక్టర్‌ను తెచ్చాయి. 2023 డిసెంబర్‌లో ఫైర్‌ఫాక్స్ కూడా చేర్చుకుంది. ఆ రోజుతో పాత జవాబులన్నీ ఒక్కసారిగా తప్పయ్యాయి. కానీ అవి ఎక్కడికీ పోలేదు. వెతికితే ఇంకా వస్తాయి, పక్కన వేలకొద్దీ ఓట్లు కూడా కనిపిస్తాయి. వాటిని రాసినవాళ్లు అబద్ధం చెప్పలేదు. తేదీ చూడకుండా చదివితే పొరపాటు మనదే అవుతుంది.

మరి తేదీ, సంతకం రెండూ సరిగ్గా ఉన్న చోటు ఏది? ఒక్కటే చెప్పమంటే నేను ఎండీఎన్ అంటాను. అది ఎలా నిలబడిందో తెలిస్తే ఎందుకు నమ్మాలో కూడా తెలుస్తుంది. నెట్‌స్కేప్ కంపెనీకి డెవ్‌ఎడ్జ్ అనే సైట్ ఉండేది. 2004లో నెట్‌స్కేప్ యజమాని ఏఓఎల్ దాన్ని మూసేసింది. అందులోని పాఠాలను వాడుకునే అనుమతి తెచ్చుకుని, ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా 2005లో తన డెవలపర్ సెంటర్‌ను మొదలుపెట్టింది. ఎవరైనా దిద్దగలిగే వికీగా పెరిగిన అదే ఈ ఎండీఎన్. మధ్యలో 2012లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ, గూగుల్, మైక్రోసాఫ్ట్, యాపిల్, అడోబ్, మొజిల్లా వంటివన్నీ కలిసి వెబ్ ప్లాట్‌ఫామ్ డాక్స్ అని మరొకటి పెట్టాయి. ఇంత పెద్ద పేర్లున్నా అది మూడేళ్లు కూడా నిండకుండా 2015లో ఆగిపోయింది. 2017లో మైక్రోసాఫ్ట్, గూగుల్, శాంసంగ్, డబ్ల్యూ3సీ ఎండీఎన్ సలహా మండలిలోకి వచ్చాయి. పోటీ కంపెనీలు ఒకే పుస్తకం మీద చేతులు కలపడం ఈ రంగంలో మామూలు విషయం కాదు.

తర్వాత దెబ్బ తగిలింది. 2020 ఆగస్టులో మొజిల్లా సుమారు 250 మందిని తీసేసింది, ఎండీఎన్‌కు రాసే వాళ్లూ వారిలో ఉన్నారు. ప్రపంచంలో వెబ్ కట్టే ప్రతి ఒక్కరూ ఆనుకున్న గోడను నిలబెట్టేది గుప్పెడు మంది జీతగాళ్లని అప్పుడే చాలామందికి తెలిసింది. అదే ఏడాది డిసెంబర్‌లో పాఠాలన్నిటినీ వికీ నుంచి గిట్‌హబ్‌కు మార్చారు. 2021 జనవరిలో ఓపెన్ వెబ్ డాక్స్ అనే సంస్థ పుట్టి, కంపెనీల చందాలతో రచయితలకు జీతాలివ్వడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఎండీఎన్‌లో ఏ వాక్యం మారినా ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో, ఎవరు సరిచూశారో బహిరంగంగా చూడొచ్చు. సర్వేయర్ సంతకం అంటే అదే. ప్రతి పేజీ అడుగున చివరిసారి దిద్దిన తేదీ ఉంటుంది.

ఎండీఎన్ పేజీ చదివే పద్ధతి కూడా ఎవరూ నేర్పరు, అందుకే పిల్లలు మొదటి పేరా చూసి "ఇది మనవల్ల కాదు" అని మూసేస్తారు. ఆ పేజీని పైనుంచి కిందికి నవల చదివినట్టు చదవకూడదు. ముందు పైన హెచ్చరిక పట్టీ ఉందేమో చూడాలి. 'డెప్రికేటెడ్' అని ఉంటే దాన్ని వాడటం మానేయమని అర్థం, అక్కడే ఆగిపోవచ్చు. తర్వాత నేరుగా ఉదాహరణకు వెళ్లి, అంకెలు మార్చి ఏం జరుగుతుందో చూడాలి. ఆ తర్వాతే వాక్య నిర్మాణం, ఇవ్వాల్సిన విలువలు, తిరిగొచ్చే విలువ. చివరన ఏ బ్రౌజర్‌లో ఏ వెర్షన్ నుంచి పనిచేస్తుందో చూపే పట్టిక ఉంటుంది. నన్నడిగితే పేజీ మొత్తంలో విలువైనది అదే. ఆ పట్టిక వెనకున్న సమాచారాన్ని 'క్యాన్ ఐ యూజ్' సైట్ కూడా వాడుకుంటుంది. 2023లో వచ్చిన బేస్‌లైన్ గుర్తు ఈ పట్టికను ఒక్క మాటలోకి కుదించింది. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ నాలుగింటిలోనూ వస్తే 'కొత్తగా అందుబాటులో', ఆ తర్వాత 30 నెలలు గడిస్తే 'విస్తృతంగా అందుబాటులో' అంటుంది. చౌరస్తాలో పాత ఫోన్ పట్టుకున్న మనిషికి కూడా పేజీ తెరుచుకోవాలంటే రెండో గుర్తు ఉన్నవాటితో కట్టాలి.

ఎండీఎన్‌కూ పైన ఇంకో మెట్టుంది: అసలు నిబంధనలు. హెచ్‌టీఎంఎల్‌కు రెండు సంస్థలు రెండు పుస్తకాలు రాస్తున్న గందరగోళం చాలాకాలం నడిచింది. 2019 మేలో డబ్ల్యూ3సీ, వాట్‌డబ్ల్యూజీ ఒప్పందం చేసుకుని, వాట్‌డబ్ల్యూజీ వారి లివింగ్ స్టాండర్డ్ ఒక్కటే ప్రమాణమని తేల్చాయి. దాని నెత్తి మీదే చివరిసారి మార్చిన తేదీ కనిపిస్తుంది. బ్రౌజర్ తయారుచేసేవాళ్ల కోసం రాసిన భాగాలను పక్కనపెట్టిన, వెబ్ డెవలపర్లకు పనికొచ్చే కూర్పు కూడా వాళ్లే ఇస్తారు. జావాస్క్రిప్ట్‌కు ఎక్మా సంస్థ నిబంధన 1997 నుంచి ఉంది, 2015 తర్వాత ఏటా కొత్త కూర్పు వస్తోంది. సీఎస్‌ఎస్ మాత్రం డబ్ల్యూ3సీ దగ్గర ముక్కలు ముక్కలుగా, ఒక్కో ముక్క ఒక్కో దశలో ఉంటుంది. వెతికితే ముందు పాత ముసాయిదానే దొరకడం ఇక్కడ తరచూ జరుగుతుంది గనుక పేజీ పైనున్న 'తాజా కూర్పు' లంకెను నొక్కాకే చదవాలి. మొదటి ఏడాదిలో వీటి జోలికి వెళ్లనక్కర్లేదు. ఇద్దరు రెండు రకాలుగా వాదిస్తున్నప్పుడు తీర్పు ఎక్కడుందో తెలిస్తే చాలు.

మన పిల్లలు నిజంగా ఎక్కువగా చూసేది డబ్ల్యూ3 స్కూల్స్. పేరు చూసి అది డబ్ల్యూ3సీ వారిదే అనుకునేవాళ్లు ఇంజినీరింగ్ కాలేజీల్లో కూడా ఉన్నారు. అది నార్వేలోని ఒక ప్రైవేటు కంపెనీ 1998లో పెట్టిన సైట్, డబ్ల్యూ3సీతో దానికి ఏ సంబంధమూ లేదు. అందులోని తప్పుల జాబితాతో 2011లో కొందరు డెవలపర్లు ఏకంగా ఒక సైటే పెట్టారు. ఆ తర్వాత అది చాలా మెరుగుపడింది. దాన్ని ఎగతాళి చేసే పెద్దలతో నేను ఏకీభవించను. 'నువ్వే చేసి చూడు' అన్న బటన్ నొక్కగానే తన మొదటి పేజీ కళ్లముందు కదిలినప్పుడు ఒక పిల్లకు కలిగే ధైర్యం చిన్నదేం కాదు. కాకపోతే అది బడి గుమ్మం, ఎన్నాళ్లున్నా అక్కడే నిలబడిపోకూడదు. 2006లో హైదరాబాద్‌లో మొదలైన ట్యుటోరియల్స్ పాయింట్, నోయిడాకు చెందిన గీక్స్ ఫర్ గీక్స్ కూడా ఇదే వరసలోవి: పరీక్షకు, ఇంటర్వ్యూకు పనికొస్తాయి, చివరి మాటకు కాదు. సీఎస్‌ఎస్ ట్రిక్స్‌లోని ఫ్లెక్స్‌బాక్స్ వ్యాసం మాత్రం బొమ్మల కోసమైనా దగ్గర పెట్టుకోదగ్గది.

రియాక్ట్ లాంటి లైబ్రరీల సంగతి వేరు. వాటికి సొంత డాక్యుమెంటేషన్ తప్ప వేరే ఆధారం వెతకడం దండగ. రియాక్ట్ తన పుస్తకాన్ని మొత్తం తిరగరాసి 2023 మార్చిలో కొత్త చిరునామాలో పెట్టింది. పాతది 'లెగసీ' అన్న పేరుతో పక్కన ఉంది, వెతికినప్పుడు ఒక్కోసారి అదే ముందు తగులుతుంది. 'క్రియేట్ రియాక్ట్ యాప్' అనే పనిముట్టును 2025 ఫిబ్రవరిలో అధికారికంగా పక్కనపెట్టారు. అయినా నేను చూసిన ఒక కోచింగ్ నోట్సులో మొదటి పేజీ మొదటి పంక్తి ఇప్పటికీ అదే. మరో ల్యాబ్ మాన్యువల్లో మార్క్యూ ట్యాగ్‌తో కదిలే అక్షరాలు, ఫాంట్ ట్యాగ్‌తో రంగులు ఉన్నాయి. అవి పాతబడి పాతికేళ్లు. పరీక్షలో మార్కులు పడతాయి గనుక పిల్లలు నేర్చుకుంటారు. ఉద్యోగపు ఇంటర్వ్యూలో అదే రాసి తలవంచుకుని వస్తారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఆ పిల్లల కష్టంలో లోపం లేదు. తేదీ మించిన ప్లాన్‌ను వాళ్ల చేతిలో పెట్టింది మనం.

ఇక చాట్‌బాట్లు. ఇప్పుడు సైట్ తెరిచే వాళ్లకంటే చాట్‌బాట్‌ను అడిగేవాళ్లే ఎక్కువగా కనిపిస్తున్నారు. 2022 చివర్లో ఇవి రాగానే ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో అలాంటి జవాబులను తన దగ్గర నిషేధించింది. చూడటానికి సరైనవిగా ఉండి తరచూ తప్పుతున్నాయన్నది వాళ్లు చెప్పిన కారణం. ఆ తర్వాత అవి బాగుపడ్డ మాట నిజం. తెలుగులో అడిగితే తెలుగులో విడమరిచి చెప్పడం మన పిల్లలకు పెద్ద వరం, దాన్ని నేను కాదనను. కానీ అవి తేదీని చెరిపేస్తాయి. 2014 నాటి జవాబూ 2024 నాటి జవాబూ కలిపి ఒకే గొంతుతో, ఒకే నమ్మకంతో చెబుతాయి. సంతకం ఎవరిదో చాలాసార్లు తెలియదు. అందుకని దారి అడగడానికి వాటిని వాడుకోవచ్చు. "ఈ పనికి ఏ ప్రాపర్టీ వాడతారు" అని అడిగి పేరు తెలుసుకుని, ఆ పేరుతో ఎండీఎన్ పేజీ తెరవాలి. పేరు తెలియకపోవడమే కొత్తవాళ్లకు అసలు అడ్డంకి. ఆ ఒక్క అడ్డంకిని చాట్‌బాట్ తీసేస్తుంది, మిగతా పని పేజీ చేయాలి.

పేజీ చెప్పాక కూడా ఒక పని మిగులుతుంది. బాయిలో భద్రత చూసుకునే సర్దార్ చేతి కర్రతో పైబండను తట్టి వింటాడు. గట్టిగా మోగితే ఒక లెక్క, డొల్లగా మోగితే ఇంకో లెక్క. ప్లాన్‌లో ఏమున్నా ఆ తట్టడం ఆగదు. వెబ్‌లో ఆ కర్ర బ్రౌజర్‌లోనే ఉంది. డెవలపర్ టూల్స్ తెరిచి, కన్సోల్‌లో ఒక పంక్తి రాసి చూడటానికి అర నిమిషం పట్టదు.

నెట్ సరిగా అందని ఇళ్లకూ ఒక దారి ఉంది. డెవ్‌డాక్స్ అనే సైట్ ఎండీఎన్, రియాక్ట్ వంటి ఎన్నో పుస్తకాలను ఒకచోట చేర్చి, ఒకసారి దించుకుంటే నెట్ లేకుండా కూడా చదువుకోనిస్తుంది. ఇప్పుడు ఫ్రీకోడ్‌క్యాంప్ దాన్ని చూసుకుంటోంది. కాలేజీ వైఫైలో దించుకుని ఇంట్లో చదువుకోవచ్చు. ఒక్క పైసా అక్కర్లేదు. ఈ సంగతి నాకు తెలిసిన ఏ ల్యాబ్‌లోనూ గోడ మీద రాసి లేదు, రాసి ఉంటే బాగుండేది.

అందరూ మొహమాటపడే మాట ఇంకోటుంది. ఇదంతా ఇంగ్లీషులో ఉంది. ఎండీఎన్ జపనీస్, కొరియన్, చైనీస్, ఫ్రెంచ్, స్పానిష్, పోర్చుగీసు, రష్యన్, జర్మన్ భాషల్లో దొరుకుతుంది. తెలుగు లేదు, ఏ భారతీయ భాషా లేదు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లకు సీఎస్‌ఎస్ కష్టం కాదు. సీఎస్‌ఎస్ గురించి రాసిన వాక్యం కష్టం. ఆ లోటును ఇప్పుడు తెలుగు వీడియోలు పూడుస్తున్నాయి, వాళ్ల శ్రమకు దండం పెట్టాలి. అయితే వీడియోను మొదటిసారి అర్థం చేసుకోవడానికి చూస్తాం. రాత్రి పదకొండుకు ఒక ప్రాపర్టీ విలువ గుర్తురాక ఆగిపోతే నలభై నిమిషాల వీడియోలో దాన్ని వెతకలేం. వీడియోలో తప్పుంటే దిద్దడం కూడా కష్టమే. ఆధారంగా నిలిచేది రాసి ఉన్న కాగితమే.

తెలుగుకు ఒక ప్రత్యేక అవసరం కూడా ఉంది. అది అనువాదంతో తీరదు, ఎందుకంటే ఇంగ్లీషులోనే ఆ పాఠం పూర్తిగా లేదు. జావాస్క్రిప్ట్‌ను 'సింగరేణి' అన్న మాట పొడవెంత అని అడగండి. మనం నాలుగు అక్షరాలంటాం, అది 8 అంటుంది. 'గోదావరిఖని'కి మనం ఆరంటే అది 10 అంటుంది. గుణింతాలను, సున్నాను విడివిడిగా లెక్కపెడుతుంది గనుక. ఫారంలో పేరు గడికి గరిష్ఠ పొడవు 10 అని పెడితే, పది అక్షరాల లోపే ఉందనుకున్న తెలుగు పేరు కూడా మధ్యలో తెగిపోవచ్చు. దీనికి మందు, మాటను మనం చదివే అక్షరాలుగా విడదీసే ఇంటల్ సెగ్మెంటర్ అనే సదుపాయం. 2024 ఏప్రిల్‌లో ఫైర్‌ఫాక్స్‌కు కూడా వచ్చాక అన్ని పెద్ద బ్రౌజర్లలో ఉంది. అక్కడా తేదీ గొడవే. 'స్త్రీ' అన్న మాటను పాత యూనికోడ్ నియమం మూడు ముక్కలుగా కోసేది. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన యూనికోడ్ 15.1 తెలుగు సహా కొన్ని భారతీయ లిపుల వత్తులను కలిపి ఒకే అక్షరంగా చూడమంది. అంతకు ముందు రాసిన పాఠంలో జవాబు మూడు, తర్వాత రాసిన దాంట్లో ఒకటి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'తో కూడిన ఒక తెలుగు అక్షరం వస్తే ఐఫోన్ యాప్‌లు కూలిపోవడం, యాపిల్ హడావుడిగా దిద్దుబాటు విడుదల చేయడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. మన అక్షరాన్ని ఎవరూ తట్టి చూడలేదు గనుకే అంతదాకా వెళ్లింది.

పేరాలో మొదటి అక్షరాన్ని పెద్దది చేయాలంటే 'స్త్రీ'లో మొదటి అక్షరం ఎక్కడ ఆగుతుంది? పై గుడులకూ కింది వత్తులకూ చోటు చాలాలంటే పంక్తికీ పంక్తికీ మధ్య ఎంత ఎడం ఉండాలి? భారతీయ లిపులకు డబ్ల్యూ3సీ వారి లేఅవుట్ పత్రం ఒకటి ఇలాంటివాటిలో కొన్నిటిని ముట్టుకుంది. పని చేస్తూ నేర్చుకునే పిల్లకు అర్థమయ్యేలా తెలుగు ఉదాహరణలతో రాసి, తేదీ వేసి, ఎవరైనా దిద్దేలా పెట్టిన పేజీ ఇంకా రావాల్సి ఉంది. ఎండీఎన్ పాఠాల లైసెన్సు, పేరు చెప్పి అదే షరతుతో తిరిగి ఇస్తే ఎవరైనా అనువదించుకోవచ్చంటుంది. తెలుగు వికీపీడియాను 2003 నుంచి జీతం లేకుండా రాస్తూ వస్తున్నవాళ్లు మనకున్నారు. పదకోశంలో వంద మాటలు, తరచూ వాడే ట్యాగులు ముప్పై, ప్రాపర్టీలు యాభై: ఇది ఒక కాలేజీ బ్యాచ్ రెండు సెమిస్టర్లలో చేయగల పని. నన్నడిగితే మొదటి పేజీ దేని మీద రాయాలో కూడా చెబుతాను. 'స్త్రీ' పొడవెంత అన్నదాని మీద. కన్సోల్ తెరిచి టైప్ చేస్తే 6 వస్తుంది. ఆ ఆరు ఎక్కడి నుంచి వచ్చిందో, మూడు ఎందుకైందో, ఒకటి ఎప్పుడైందో మూడు పేరాలు. అడుగున రాసినవాళ్ల పేరు, సరిచూసినవాళ్ల పేరు, ఆ రోజు తేదీ.